శ్రీపాద శిఖరారోహణ: ఒక రోజు ప్రయాణానికి ఒక ప్రణాళిక

ప్రయాణం జ్ఞానసముపార్జనకు సాధనమని పెద్దలు చెబుతారు. ఈ మాట సత్యమే. అయితే ప్రయాణం ఎంత జ్ఞానప్రదమో, ప్రయాణానికి ముందు జరిగే సన్నాహం కూడా అంతే జ్ఞానప్రదమన్న సంగతిని మనం తరచుగా మరచిపోతాము. కళాశాలల్లో విహారయాత్ర అనగానే బస్సు ఎప్పుడు బయలుదేరుతుంది, తలకు ఎంత చందా, భోజనం ఎక్కడ అన్న మూడు ప్రశ్నలతో చర్చ ముగుస్తుంది. సమతలప్రదేశాల యాత్రకు ఇది చాలునేమో గాని, కొండ ఎక్కదలచినప్పుడు చాలదు. కొండ మన ఉత్సాహాన్ని లెక్కచేయదు. దానికి తెలిసిన లెక్కలు ఎత్తు, దూరం, కాలం, వాతావరణం అనే నాలుగు మాత్రమే.

ఈ వ్యాసంలో ఒక నిటారైన ద్వీప పర్వతాన్ని ఉదాహరణగా తీసుకొని, ఒక్క రోజులో దానిని ఎక్కి దిగడానికి కావలసిన ప్రణాళికను దశలవారీగా పరిశీలిద్దాము. ఆ పర్వతం శ్రీలంకలోని శ్రీపాద శిఖరం. ఆంగ్లేయులు దీనిని ఆడమ్స్ పీక్ అన్నారు. ఈ పరిశీలనలో మనం ముఖ్యంగా రెండు సూత్రాలను స్థాపించదలచాము. మొదటిది: బృందం వేగాన్ని అందరికంటె నెమ్మదిగా నడిచే వ్యక్తిని బట్టి నిర్ణయించవలెను. రెండవది: ప్రయాణం శిఖరం మీద ముగియదు, అందరూ కొండ దిగిన తరువాతనే ముగుస్తుంది. తక్కిన వివరాలన్నీ ఈ రెండు సూత్రాల నుండి పుట్టేవే.

పర్వత పరిచయం

శ్రీపాద శిఖరం సముద్రమట్టానికి 2,243 మీటర్లు, అనగా 7,359 అడుగుల ఎత్తున ఉన్నది. శ్రీలంకలో అత్యున్నత శిఖరం ఇది కాదు. ఆ గౌరవం 2,524 మీటర్ల పిదురుతలాగల పర్వతానికి దక్కుతుంది. అయినను చుట్టుపక్కల కొండల నుండి విడివడి, శంకువు ఆకారంలో ఒంటరిగా నిలిచినందువల్ల శ్రీపాదమే ప్రసిద్ధి పొందినది. కెలణి, కలు, వలవె నదులు ఈ పర్వతారణ్యంలోనే జన్మిస్తాయి. 1940లో ఈ అరణ్యాన్ని అభయారణ్యంగా ప్రకటించారు. 2010లో యునెస్కో గుర్తించిన శ్రీలంక మధ్యపర్వతసీమ ప్రపంచ వారసత్వ స్థలంలో ఇది ఒక భాగం.

శిఖరాగ్రాన శిల మీద సుమారు 1.8 మీటర్ల పొడవున పాదాకారపు గుర్తు ఒకటి ఉన్నది. బౌద్ధులు దీనిని బుద్ధుని పాదముద్రగా కొలుస్తారు. హిందువులు శివుని పాదమంటారు. తమిళంలో ఈ కొండ పేరు శివనొళిపాదమలై. ముస్లిములలోను, క్రైస్తవులలోను ఇది హజ్రత్ ఆదం అలైహిస్సలాం పాదముద్ర అన్న జనశ్రుతి ఉన్నది. దివ్య ఖురాన్‌లో ఈ పర్వత ప్రస్తావన లేదు. ఇది యాత్రికుల, చరిత్రకారుల నోట తరతరాలుగా వచ్చిన మాట. సింహళీయులకు ఇది సమనలకంద కూడా. సమనల అనగా సీతాకోకచిలుక. ఒకే రాతిని ఇన్ని సమాజాలు ఇన్ని పేర్లతో గౌరవించుట, ఒకరి వెనుక ఒకరు అవే మెట్లు ఎక్కుట, మన వంటి కళాశాల విద్యార్థులు చూడదగిన విషయం.

తెలుగువారికి సంబంధించిన చారిత్రక సూత్రం కూడా ఒకటి ఇక్కడ కలదు. 1739 నుండి 1815 వరకు కాండీ రాజ్యాన్ని ఏలిన నాయక్కర్ రాజులు మధుర నాయకులతో బంధుత్వం, తెలుగు మూలాలు గలవారు. వారిలో కీర్తిశ్రీ రాజసింహుడు 18వ శతాబ్దంలో శ్రీపాద పర్యవేక్షణను తిరిగి బౌద్ధ భిక్షువులకు అప్పగించినాడు.

ఇబ్న్ బతూతా యాత్ర నేర్పే పాఠం

మొరాకో దేశీయుడైన ఇబ్న్ బతూతా 1344లో మాల్దీవుల నుండి సరందీబ్ చేరి, ఈ పర్వతాన్ని ఎక్కినాడు. ఆయన యాత్రాగ్రంథంలోని ఈ ఘట్టాన్ని సాహసగాథగా చదివినవారు అనేకులు. మనం దానిని సన్నాహ గ్రంథంగా చదువుదాము. అక్కడి రాజు ఆర్యచక్రవర్తి ఆయనకు ఒక పల్లకిని ఇచ్చి, వెంట ఏటేటా ఆ యాత్ర చేసే అలవాటు గల నలుగురు యోగులను, ముగ్గురు బ్రాహ్మణులను, తన పరివారం నుండి పదిమందిని, ఆహారసామగ్రి మోయడానికి పదిహేనుమందిని పంపినాడు. దారిలో నీరు సమృద్ధిగా ఉన్నదని కూడా ఇబ్న్ బతూతా వ్రాసినాడు. దారి తెలిసినవారు, సామాను మోసేవారు, తిండి, నీరు: ఒక మంచి ప్రణాళికలో ఉండవలసిన నాలుగు అంశాలు 1344 నాటి ఈ జాబితాలో స్పష్టంగా కనబడుతున్నవి.

ఆయన రెండు మార్గాలను పేర్కొన్నాడు. ఒకటి బాబా మార్గం, అనగా ఆదం పేరిట పిలిచేది. రెండవది మామా మార్గం, అనగా హవ్వా పేరిట పిలిచేది. బాబా మార్గం కఠినం. మామా మార్గం సులభం. యాత్రికులు దిగివచ్చేది మామా మార్గాన. ఆ దారిన ఎక్కినవారిని యాత్ర చేసినవారిగానే అక్కడివారు పరిగణించరట. ఎక్కుటలో కష్టానికి గౌరవం ఉన్నా, దిగుటకు మాత్రం సులభమైన దారినే పెద్దలు ఏర్పరచుకున్నారన్న సంగతి గమనింపదగినది. అలసిన కాళ్ళకు కఠినమైన దారి పనికిరాదని వారికి అనుభవంతో తెలుసు.

నిటారైన చోట్ల పట్టుకొని ఎక్కడానికి పది గొలుసులు ఉండేవని, చివరిదానికి షహాదా గొలుసు అని పేరని ఆయన చెప్పినాడు. అక్కడికి చేరి క్రిందికి చూసినవానికి తల తిరిగి, పడిపోతానన్న భయంతో కలిమా చదువుతాడట. నీటి పట్టుల దగ్గర జలగలు మనుషుల మీదికి ఎగిరి పట్టుకుంటాయని, వాటిని వదిలించడానికి నిమ్మకాయ రసం పిండుతారని కూడా వ్రాసినాడు. నిమ్మకాయలు సిద్ధం చేసుకొని వెళ్ళిన యాత్రికులు అపాయాన్ని ముందుగా ఊహించి, దానికి విరుగుడును వెంట ఉంచుకున్నవారు. ప్రణాళికకు ఇంతకంటె సరళమైన నిర్వచనం లేదు.

ఇక యాత్రికులకు వసతి కల్పించుట పాలకుల బాధ్యత అన్న భావన అంతకు పూర్వమే ఉన్నది. పొలొన్నరువ రాజధానిగా పాలించిన మొదటి విజయబాహువు (1055–1110) శ్రీపాద యాత్రికులు పడే శ్రమను గమనించి, వారి భోజనవసతికై గిలిమలె గ్రామాన్ని కేటాయించినట్లు చూళవంశం చెబుతున్నది. మన కళాశాల కమిటీవారు ఈ ఉదాహరణను దృష్టిలో ఉంచుకొనవలెనని మనవి.

మార్గం, ఋతువు

శిఖరానికి అనేక మార్గాలు కలవు. హాటన్ వైపు నల్లతన్నియ నుండి ఒకటి, రత్నపుర వైపు పలాబద్దల నుండి ఒకటి, కురువిట వైపు ఎరత్న నుండి ఒకటి ముఖ్యమైనవి. రత్నపుర, కురువిట మార్గాలు తక్కువ ఎత్తున మొదలై చాలా దూరం అరణ్యంలో సాగుతాయి. ఒక్క రోజు ప్రయాణానికి తగినది నల్లతన్నియ మార్గం. ఇది పొట్టిది, కాని నిటారైనది. కొలంబో నుండి బదుల్ల వెళ్ళే రైలు మార్గంలో హాటన్ స్టేషన్ ఉన్నది. అక్కడి నుండి మస్కెలియ మీదుగా బస్సులో నల్లతన్నియ చేరవచ్చును. ముందు రోజు సాయంత్రానికి అక్కడికి చేరి, కొన్ని గంటలైనా నిద్రించుట తప్పనిసరి. రాత్రంతా బస్సులో ప్రయాణించి దిగీ దిగగానే ఎక్కుట మొదలుపెట్టడం ప్రణాళిక కాదు.

యాత్రా ఋతువు డిసెంబరు పున్నమి నుండి మే నెల వైశాఖ పున్నమి వరకు. ఆ కాలంలో మెట్ల వెంట దీపాలు వెలుగుతాయి, టీ దుకాణాలు తెరచి ఉంటాయి, తోడుగా యాత్రికులు ఉంటారు. తక్కిన నెలల్లో నైరుతి ఋతుపవనాల వర్షం, బలమైన గాలి, పొగమంచు, చీకటి. విద్యార్థి బృందానికి ఆ నెలలు తగవు. ఋతువులో కూడా జనవరి నుండి మార్చి వరకు వాతావరణం పొడిగా ఉండే అవకాశం ఎక్కువ. పున్నమి రోజులు, శని ఆదివారాలు వదలి, వారం మధ్యలో ఒక రోజును ఎంచుకొనవలెను. రద్దీ రోజుల్లో పైభాగపు మెట్ల మీద జనం గంటల తరబడి కదలకుండా నిలిచిపోతారు. అప్పుడు మనం వేసిన కాలపు లెక్క అంతా వ్యర్థమవుతుంది.

మరొక విషయం. హిజ్రీ సంవత్సరం సౌర సంవత్సరం కంటె సుమారు 11 రోజులు చిన్నది కనుక రంజాన్ మాసం ఏటేటా వెనుకకు జరుగుతుంది. ప్రస్తుత సంవత్సరాలలో అది ఈ ఋతువులోనే వస్తున్నది. ఉపవాస దినాలలో ఇటువంటి ఆరోహణను పెట్టుకొనరాదు. తేదీ నిర్ణయించే ముందు పరీక్షల కాలపట్టికతో పాటు ఇస్లామీ క్యాలెండరును కూడా ఎదుట పెట్టుకొనవలెను.

ఎత్తు, దూరం, కాలం: లెక్క

నల్లతన్నియ నుండి శిఖరం వరకు ఎక్కవలసిన ఎత్తు సుమారు 1,000 మీటర్లు. మెట్ల సంఖ్యను 5,000 అని కొందరు, 5,500 అని కొందరు చెబుతారు. దూరాన్ని అయిదున్నర కిలోమీటర్లు మొదలు ఏడు కిలోమీటర్ల వరకు చెబుతారు. ఇటువంటి చోట ప్రణాళికా నియమం ఒకటే: లెక్కలు భిన్నంగా ఉన్నప్పుడు మనకు కష్టమైన సంఖ్యనే స్వీకరించవలెను. కనుక దూరం 7 కిలోమీటర్లు అనుకుందాము. మనకు పరిచితమైన తిరుమల అలిపిరి కాలిబాటలో 3,550 మెట్లు అని ప్రసిద్ధి. అంతకు ఒకటిన్నర రెట్లు ఊహించుకుంటే ఈ కొండ మనకు అర్థమవుతుంది.

కాలాన్ని గణించడానికి స్కాట్లండుకు చెందిన విలియం నైస్మిత్ 1892లో ఒక సూత్రాన్ని చెప్పినాడు. నేడు దానిని మెట్రిక్ కొలతల్లో ఇలా వాడుతున్నారు: ప్రతి 5 కిలోమీటర్ల దూరానికి ఒక గంట, ప్రతి 600 మీటర్ల ఎత్తుకు అదనంగా మరొక గంట. మన కొండకు దీనిని అన్వయిద్దాము.

దూరానికి: 7 కిలోమీటర్లకు 84 నిమిషాలు.
ఎత్తుకు: 1,000 మీటర్లకు 100 నిమిషాలు.
మొత్తం: 184 నిమిషాలు, అనగా 3 గంటల 4 నిమిషాలు.

ఈ లెక్క ఆరోగ్యవంతుడు, అలవాటు ఉన్నవాడు, ఆగకుండా నడిచినప్పటిది. నలభైమంది విద్యార్థుల బృందం అలా నడవదు. ఒకరి చెప్పు తెగుతుంది, ఒకరికి దాహమవుతుంది, ఒకరు ఫొటో తీస్తారు. కనుక మూడవ వంతు, అనగా సుమారు 61 నిమిషాలు కలుపుదాము. 4 గంటల 5 నిమిషాలయింది. ఫజ్ర్ నమాజుకు, వుజూకు 20 నిమిషాలు చేర్చితే 4 గంటల 25 నిమిషాలు.

ఇప్పుడు వెనుక నుండి లెక్కించవలెను. శ్రీలంక గడియారం 2006 నుండి మన గడియారంతో సమానంగానే ఉన్నది కనుక గందరగోళం లేదు. జనవరి, ఫిబ్రవరి నెలల్లో అక్కడ సూర్యోదయం సుమారు ఆరున్నరకు. శిఖరాన్ని 5 గంటల 45 నిమిషాలకు చేరవలెననుకుంటే, 1 గంట 20 నిమిషాలకు బయలుదేరవలెను. అయిదు నిమిషాలు చేతిలో ఉంచుకొని 1 గంట 15 నిమిషాలు అని కాగితం మీద వ్రాసుకుందాము. సూర్యోదయానికి గంటకు పైగా ముందే ఫజ్ర్ వేళ అవుతుంది. అప్పటికి బృందం పైభాగంలో ఉంటుంది కనుక, ఆఖరి నిటారు మెట్లకు ముందున్న విశ్రాంతి స్థలంలో, ఇతర యాత్రికుల దారికి అడ్డు లేకుండా, చిన్న జమాతులుగా నమాజు ముగించుకొనవలెను.

ఆలస్యం దోషమని అందరికీ తెలుసు. మరీ ముందుగా చేరుట కూడా దోషమేనని కొందరికే తెలుసు. రాత్రి పది గంటలకే బయలుదేరి మూడు గంటలకు శిఖరం చేరినవారు చెమటతో తడిసిన బట్టలతో, చల్లని గాలిలో మూడు గంటలు కూర్చోవలసి వస్తుంది. ఎత్తు పెరిగినకొద్దీ ప్రతి 1,000 మీటర్లకు ఉష్ణోగ్రత సగటున ఆరున్నర డిగ్రీలు తగ్గుతుంది. కొలంబోలో 27 డిగ్రీలు ఉన్నప్పుడు 2,243 మీటర్ల శిఖరం మీద సుమారు 12 డిగ్రీలు మాత్రమే ఉంటుంది. తెల్లవారుజామున, గాలిలో, తడిబట్టలతో అది ఇంకా తక్కువగా అనిపిస్తుంది. మన ప్రాంతపు పిల్లలకు ఆ చలి అలవాటు లేదు.

శరీరం చేసే పని

భౌతికశాస్త్ర విద్యార్థులు ఈ లెక్కను స్వయంగా చేయవచ్చును. 60 కిలోగ్రాముల బరువు గల వ్యక్తి తన శరీరాన్ని 1,000 మీటర్లు పైకి ఎత్తుకొనుటకు 60ని 9.8తోను, దానిని 1,000తోను గుణించితే 5,88,000 జౌళ్ళ పని. ఇది సుమారు 140 కిలో కేలరీలు. అయితే మన కండరాలు తీసుకున్న శక్తిలో నాల్గవ వంతునో, అయిదవ వంతునో మాత్రమే పనిగా మార్చగలవు. మిగిలినది వేడిగా పోతుంది. కనుక ఎక్కుటకే 560 నుండి 700 కిలో కేలరీలు ఖర్చు. చలిలో కూడా చెమట పట్టుటకు కారణం ఇదే. వీపు మీద 6 కిలోల సంచి ఉంటే ఈ ఖర్చు పదవ వంతు పెరుగుతుంది. సంచిలో పెట్టే ప్రతి వస్తువును వేయి మీటర్లు ఎత్తవలసినది మనమే అన్న సంగతి జ్ఞాపకముంచుకుంటే, అనవసర వస్తువులు వాటంతట అవే బయటకు వస్తాయి.

ఆహారం కొద్దికొద్దిగా, తరచుగా తీసుకొనవలెను. ఖర్జూరాలు, అరటిపండ్లు, వేరుశనగ బెల్లం ఉండలు, ఎండు చపాతీలు మంచివి. కడుపునిండా బిర్యానీ తిని ఎక్కుట తగదు. నీరు గంటకు అరలీటరు చొప్పున లెక్కించవలెను. ఎక్కి దిగుటకు ఏడు గంటలకు పైగా పడుతుంది కనుక మనిషికి మూడున్నర లీటర్లు. ఇదంతా మోయనక్కరలేదు. ఋతువులో దారి వెంట టీ, నీరు దొరుకుతాయి. లీటరున్నర వెంట ఉంచుకొని, తక్కినది దారిలో నింపుకొనవచ్చును. ఖాళీ సీసాను గాని, ప్లాస్టిక్ కాగితాన్ని గాని ఆ అరణ్యంలో విడువరాదు. మూడు నదుల నీరు అక్కడి నుండే మొదలవుతున్నది.

ఎత్తువల్ల వచ్చే అనారోగ్యం గురించి భయపడనక్కరలేదు. అది సాధారణంగా 2,500 మీటర్ల పైన మొదలయ్యే సమస్య. భయపడవలసినది మోకాళ్ళ గురించి. 1,000 మీటర్లను 5,200 మెట్లకు పంచితే ఒక్కొక్క మెట్టు సగటున 19 సెంటీమీటర్లు. ఎక్కేటప్పుడు ఊపిరి అలసిపోతుంది, కూర్చుంటే తేరుకుంటుంది. దిగేటప్పుడు తొడ కండరాలు సాగుతూ బరువును ఆపవలసి వస్తుంది. ఆ పని కండరాలను లోలోపల గాయపరుస్తుంది. దాని నొప్పి ఆ పూట తెలియదు, మరునాడు, ఆ మరునాడు తెలుస్తుంది. కాళ్ళు వణకడం మొదలైన తరువాత కాలు తప్పే ప్రమాదం ఎక్కువ. కనుక దిగుటకు మూడు గంటలు కేటాయించవలెను. మెట్లు దూకుతూ పరుగెత్తేవారిని మొదటి నుండే వారించవలెను.

అభ్యాసం ఆరు వారాల ముందే ఆరంభం కావలెను. కళాశాల భవనంలో నేల నుండి రెండవ అంతస్తుకు 40 మెట్లు ఉంటే, వాటిని 130 సార్లు ఎక్కినప్పుడు 5,200 మెట్లవుతాయి. మొదటి వారం పదిసార్లతో మొదలుపెట్టి క్రమంగా పెంచవలెను. ఎక్కుట ఎంత ముఖ్యమో, నెమ్మదిగా దిగుట అంతే ముఖ్యం. నెలకొకసారి కొండవీడు, భువనగిరి వంటి సమీపంలోని కొండకోటకు వెళ్ళి అభ్యసించితే ఇంకా మంచిది. ఆ అభ్యాసంలోనే ఎవరి వేగం ఎంతో తెలుస్తుంది. ఆ తెలిసిన వేగమే అసలు కాలపట్టికకు ఆధారం కావలెను.

బృందం, బాధ్యత

నలభైమందిని ఎనిమిదిమంది చొప్పున అయిదు జట్లుగా విభజించవలెను. ప్రతి జట్టుకు ఒక మార్గదర్శి, ఒక కడపటి మనిషి. మార్గదర్శిని ఎవరూ దాటరాదు. కడపటి మనిషి వెనుక ఎవరూ మిగలరాదు. నెమ్మదిగా నడిచే విద్యార్థిని జట్టు చివర వదలక, మార్గదర్శి వెనువెంటనే ఉంచవలెను. చివర ఉంచితే ఏమవుతుందో ఆలోచించండి. ముందున్నవారు ఆగి విశ్రమిస్తారు. అతడు ఆయాసంతో వచ్చి చేరేసరికి వారు లేచి బయలుదేరుతారు. అందరికంటె విశ్రాంతి అవసరమైనవానికే విశ్రాంతి దొరకదు. అతడిని ముందు ఉంచితే జట్టంతా అతని వేగంతో నడుస్తుంది, అతని ఆయాసం అవమానంగా మారదు. అరగంటకు అయిదు నిమిషాల విశ్రాంతి చాలును. ఎక్కువసేపు కూర్చుంటే శరీరం చల్లబడి మళ్ళీ లేవడం కష్టమవుతుంది. విద్యార్థినుల జట్లకు మహిళా అధ్యాపకులే బాధ్యత వహించవలెను.

వెనుదిరిగే నియమాన్ని ముందు రోజు సాయంత్రమే అందరికీ వినిపించవలెను. మూడు గంటలకు సగం దారి చేరని జట్టు సూర్యోదయపు ఆశ వదలుకొని నెమ్మదిగా నడవవలెను. ఎనిమిది గంటలకు ఎవరు ఎక్కడ ఉన్నా దిగుట ప్రారంభించవలెను. అప్పుడే పదకొండు గంటలకు అందరూ క్రిందికి చేరుతారు. పిడుగులు, భారీ వర్షం ఉంటే ఆ నిమిషానే వెనుదిరగవలెను. శిఖరం కనబడుతుండగా ఈ నిర్ణయం చేయడం కష్టం. అందుకే దానిని శిఖరం కనబడనప్పుడే చేసిపెట్టుకోవలెను. జట్టులో ఒకరు దిగవలసివస్తే తోడుగా ఇద్దరు దిగవలెను. ఎవరినీ ఒంటరిగా పంపరాదు.

ఇక్కడ కమిటీవారితో ఒక ముఖ్యమైన మాట చెప్పవలసి ఉన్నది. ఉబ్బసం, గుండె జబ్బు, మధుమేహం, మూర్ఛ ఉన్న విద్యార్థులు వాటిని దాచిపెట్టే అవకాశం ఉన్నది. చెబితే యాత్రకు తీసుకొనిపోరన్న భయమే దీనికి కారణం. ఆ భయాన్ని తొలగించవలసినది మనమే. కొండ ఎక్కనివారికి కూడా యాత్రలో గౌరవనీయమైన స్థానం ఉన్నదని ముందుగానే ప్రకటించవలెను. నల్లతన్నియలో ఉండి జట్ల వేళలను నమోదు చేయుట, దిగివచ్చేవారికి భోజనం సిద్ధపరచుట, దారి మొదట్లో ఉన్న జపానీయుల శాంతి స్తూపాన్ని చూసి వ్యాసం వ్రాయుట, ఇవన్నీ యాత్రలో భాగాలే. అప్పుడు విద్యార్థి నిజం చెబుతాడు. ఆ నిజం మందుల పెట్టె కంటె విలువైనది.

రెండవ మాట పాదరక్షల గురించి. ఈ యాత్రలో రబ్బరు చెప్పులు పనికిరావు. పట్టు గల కాన్వాసు బూట్లు, అవి కూడా రెండు మూడు వారాలు తొడిగి అలవాటైనవి కావలెను. మన విద్యార్థులలో బూట్లు కొనలేనివారు ఉన్నారు. వారు ఆ మాట చెప్పుకొనలేక, చెప్పులతోనే బయలుదేరుతారు. పాస్‌పోర్టు, వీసా, విమానం ఖర్చులతో పాటు ఈ బూట్ల ఖర్చును కూడా యాత్రానిధిలో చేర్చి, ఎవరికి ఇచ్చినదీ బయటకు తెలియకుండా ఇవ్వవలెను. ఇంత దూరం అందరికీ సాధ్యం కానప్పుడు ఇదే ప్రణాళికను మన సమీపపు కొండకు అన్వయించుకొనవచ్చును. సంఖ్యలు మారుతాయి, సూత్రాలు మారవు.

తక్కిన సామగ్రి స్వల్పమే: చేతిదీపం, ఉన్ని టోపీ, పొడి చొక్కా ఒకటి, వానకోటు, ఒక జత అదనపు మేజోళ్ళు, కట్టుగుడ్డ, ఉప్పు ప్యాకెట్టు. ఉప్పు జలగల కోసం. అదనపు మేజోళ్ళు ఎందుకంటే శిఖరాగ్రాన ఆలయ ప్రాంగణంలో పాదరక్షలు విడువవలెను, రాయి చాలా చల్లగా ఉంటుంది.

శిఖరం మీద

అక్కడ ఒక గంట ఉన్నది. ఎన్నిసార్లు కొండ ఎక్కినారో అన్నిసార్లు దానిని మ్రోగించుట యాత్రికుల ఆచారం. మనం ఆ స్థలానికి అతిథులము. ఎవరి ఆరాధనకూ అడ్డు రాకుండా, బిగ్గరగా మాట్లాడకుండా, నిండైన దుస్తులతో మెలగవలెను.

సూర్యుడు ఉదయించగానే అందరూ తూర్పునకు చూస్తారు. విద్యార్థులు పడమటి వైపునకు కూడా తిరిగి చూడవలెను. పర్వతపు నీడ క్రింది లోయల మీద, పొగమంచు మీద చక్కని త్రికోణంగా పరచుకొని ఉంటుంది. కొండ శంకువు ఆకారంలో ఉన్నందువల్లనే నీడ అలా ఉన్నదని అనుకోవడం సహజం. అసలు కారణం దృష్టిభ్రమ. బహుదూరం సాగిన నీడ యొక్క అంచులు, రైలు పట్టాలు దూరాన కలిసినట్లు కనబడే విధంగానే, ఒక బిందువు దగ్గర కలిసినట్లు కనబడతాయి. ఏ ఎత్తైన కొండ మీద నుండి చూసినా ఇంచుమించు ఇదే ఆకారం. సూర్యుడు పైకి వచ్చినకొద్దీ ఆ నీడ మన వైపునకు కుదించుకొని కొద్దిసేపటిలో మాయమవుతుంది. తాము ఎక్కినప్పుడు మేఘాలు తమ క్రింద కనిపించినవని ఇబ్న్ బతూతా వ్రాసినది ఈ స్థలం గురించే.

ముగింపు

ఇంత ప్రణాళిక వేసినను మేఘం కమ్మి సూర్యోదయం కనబడకపోవచ్చును. దానిని వైఫల్యమనరాదు. నలభైమంది బయలుదేరి నలభైమంది తిరిగివచ్చి, వారిలో అందరికంటె నెమ్మదిగా నడిచినవారు కూడా మళ్ళీ ఒక కొండ ఎక్కుదామని అన్ననాడు ఆ యాత్ర సఫలమైనట్లు. ఎవరో ఒకరు శిఖరాన్ని అందరికంటె ముందు చేరినారన్నది చెప్పుకొనదగిన విశేషం కాదు.

ఒక బృందాన్ని కొండ మీదికి నడిపించుట ఒక తరగతిని నడిపించుట వంటిదే. ముందు వరుసలోని విద్యార్థి వేగంతో పాఠం చెబితే పాఠం త్వరగా ముగుస్తుంది, కాని తరగతిలో సగంమంది దారిలోనే నిలిచిపోతారు. మన కళాశాల స్థాపించబడినదే వెనుకబడినవారిని వెంట తీసుకొనిపోవడానికి. ఈ సూత్రాన్ని పుస్తకంలో చదివితే మరచిపోవచ్చును. అయిదు వేల మెట్ల మీద, చీకటిలో, వెనుక వచ్చేవారి అడుగుల చప్పుడు వింటూ నేర్చుకున్నది మరపునకు రాదు. కనుక వచ్చే విద్యాసంవత్సరంలో ఏదో ఒక కొండకైనా, ఈ విధమైన ప్రణాళికతో ఒక యాత్రను ఏర్పాటు చేయవలసినదిగా కమిటీవారిని కోరుతున్నాము. అప్పటివరకు విద్యార్థులు కళాశాల మెట్లు లెక్కపెట్టుతూ ఉండవలెనని మా సలహా.